పాట కింద పేరు

కరీంనగర్,
జూన్ 14.

స్తుతీ,

నువ్వు మెయిలులో పంపిన ఫైలు తెరిచాను. తెరవకపోతే ఇవాళ్టి పూట ప్రశాంతంగా గడిచేది. ఎమ్మెస్సీ రెండేళ్లూ మనం ఒకే గదిలో ఉన్నాం. నేను లేటెక్ అనే పుటలు పేర్చే సాఫ్ట్‌వేర్‌లో ప్రాజెక్టు రిపోర్టు కూర్చుకుంటుంటే పక్క మంచం మీద పల్లీలు ఒలుచుకుంటూ అంతా చూశావు. ఆ చూసిందంతా పొట్టుతో పాటు ఊడ్చి పారేశావా? మీ చర్చి పాటలన్నీ ఒక్క ఫైలులో కుక్కావు. నంబర్లు చేత్తో వేశావు. పల్లవి పుట మధ్యకు రావాలని స్పేస్ నొక్కుకుంటూ పోయావు. సగం పాటలు ఎవరో డీటీపీ అతను పాత ఫాంటులో కొట్టినవి. నా దగ్గర తెరిస్తే తెలుగులా లేదు, కోడి గీకినట్టుంది.

ఫోన్‌లో చెబితే 'ఆఁ, ఆఁ' అని తెల్లారేసరికి మరిచిపోతావు. అందుకే నీ ఫైలులో చదవడానికి వీలైన పాటలు అచ్చు తీసిన ప్రూఫుల కట్టతో పాటు బస్సు పార్సిల్లో ఈ ఉత్తరం పెడుతున్నాను. గోడకు అంటించుకో.

పుట ఎలా కనబడాలో లేటెక్‌కు చెప్పకు. అక్కడ ఉన్నది ఏమిటో చెప్పు. ఇది పల్లవి, ఇది చరణం, ఇది పాట కట్టినవాళ్ల పేరు అంటే చాలు. ఎంత లావు అక్షరం, ఎంత జాగా అన్నది ఫైలు మొదట్లో ఒక్కచోట రాసి పెట్టుకుంటాం. మా బాపు సిరిసిల్లలో సాంచె మీద చీరలు నేస్తాడు. అంచు ఒకసారి అమర్చుకున్నాక చీర చీరకూ మళ్లీ అమర్చుకుంటాడా? ఇదీ అంతే. నీకోసం 'పాట' అని ఒక ఆదేశం తయారుచేసి పంపుతున్నాను. దానికి మూడు గదులుంటాయి: పల్లవి, చరణాలు, కట్టినవారు. నువ్వు గదులు నింపు, సింగారం అది చూసుకుంటుంది.

పాటకో ఫైలు చెయ్. అసలు ఫైలు వాటిని వరుసగా పిలుచుకుంటుంది. నంబర్లు మాత్రం వేయకు, పాటకు ఒక గుర్తు పెట్టి ఊరుకో. రేపు మీ కమిటీ పెద్దలు ఈ పాట ముందుకు రావాలంటే ఒక్క వరుస జరుపుతావు. నంబర్లు, వెనుక ఉండే అకారాది పట్టిక, అన్నీ అవే సర్దుకుంటాయి. ఒక్కో పాట చేర్చగానే ఒకసారి నడిపి చూడు. పుస్తకమంతా కొట్టాక నడిపితే తెర నిండా తప్పులు కక్కుతుంది. అప్పుడు కూడా బెదరకు. అన్నిటికంటే పైనున్న తప్పు ఒక్కటి దిద్దు. కిందివి చాలామట్టుకు దాని పిల్లలే.

ఇక్కడ నా సంగతి ఏం చెప్పను. థీసిస్‌లు, జర్నల్ వ్యాసాలు కూర్చే షాపులో పని అంటే చదువుకున్నవాళ్ల మధ్య ఉంటాననుకున్నాను. ఇవాళ ఒక లెక్చరర్ వచ్చాడు. తన దగ్గర పరిశోధన చేసే అమ్మాయి రాసిన వ్యాసం తెచ్చి, పేర్ల వరుసలో తన పేరు ముందుకు జరపమన్నాడు. ఆ అమ్మాయిని అడిగారా సార్ అన్నాను. నువ్వు టైపు చేసేదానివా, విచారణ చేసేదానివా అన్నాడు. మా ఓనరు సిద్దిరాములు సార్ నవ్వి, "జరుపు బిడ్డా, మన పని మనం జేద్దాం" అన్నాడు. జరిపాను. మధ్యాహ్నం అన్నం సహించలేదు.

పాత ఫాంటు పాటలన్నీ మళ్లీ యూనికోడ్‌లో కొట్టు. తప్పించుకునే దారి లేదు.

నీ,
నవీన


ఎర్రగుంటపల్లె, ఖానాపూర్ మండలం,
జూలై 6.

నవీనా,

నీ తిట్లు గోడకు అంటించాను. మా అవ్వ చూసి, బైబిలు వాక్యాల కాలెండర్ పక్కన ఇదేందే అని అడిగింది. ఇది కూడా ఆజ్ఞలే అని చెప్పాను.

చెప్పినట్టే చేస్తున్నాను. పాటకో ఫైలు, మూడు గదులు. మొదటి రోజు తెర నిండా తప్పులే. పైనున్నది దిద్దితే నిజంగానే మిగతావి మాయమయ్యాయి. బళ్లో పదో తరగతి పిల్లలకు కూడా అదే చెబుతున్నాను, లెక్కలో మొదట ఎక్కడ తప్పారో చూడండి, కిందికి ఉరకకండి అని.

నీ ప్రూఫులు ఎలా దిద్దుతున్నామో తెలిస్తే నవ్వుతావు. ఈ పాటలు కట్టింది పత్తి ఏరే ఆడవాళ్లు. చేన్లలో, ట్రాక్టరు ట్రాలీల్లో కట్టినవి. ఈ పుస్తకం పని మొదలయ్యేదాకా కాగితం మీద ఎన్నడూ లేవు. వాళ్లలో చదవడం వచ్చినవాళ్లు తక్కువ. అందుకని ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి అరుగు మీద కూర్చుంటాం. నేను పుట చూసి చదువుతాను, వాళ్లు పాడతారు. నేను చదివింది వరుసకు తగలకపోతే పాట ఆగుతుంది. ఎక్కడ ఆగిందో అక్కడ ఎర్ర పెన్ను పెడతాను. మొన్న సాయవ్వ పాటలో మూడో చరణమే కొట్టడం మరిచాను. 'పత్తి చేన్ల మీద మంచు రాలినట్టు రాలె నీ దయ యేసయ్యా' అన్న పాట నీకు హాస్టల్లో పాడి వినిపించేదాన్ని కదా, అది ఈమెదే. పాడుతూ పాడుతూ ఆగి, "నా మూడో బిడ్డను యాడ పారేసినవ్ పంతులమ్మా" అంది. అరుగంతా నవ్వు.

ఒక సంగతి నీకు చెప్పాలి, ఎందుకంటే మూడో గది దానికోసమే. మా చర్చిలో పాటను కట్టినవాళ్లే ఎత్తుకోవాలి. పాస్టరు అయ్యగారు ఏ పాటో చెబుతాడు. కట్టిన మనిషి లేచి మొదటి వరుస ఎత్తుకున్నాకే మిగతావాళ్లం అందుకుంటాం. ఆ మనిషి చనిపోతే వాళ్లింట్లోవాళ్లు, కూతురో కోడలో మనుమరాలో. చేన్లో కూలికి పోయినప్పుడు వీళ్లను పేరు పెట్టి పిలిచేవాళ్లుండరు. 'ఏయ్' అంటారు, 'గా ముసల్ది' అంటారు. ఆదివారం ఆ ఒక్క వరుస దగ్గర మాత్రం ఊరంతా వాళ్ల నోటి వైపు చూస్తుంది. ఈమధ్య ఎవరి పాట ఏదో కుర్రకారుకు తెలియడం లేదు. కీబోర్డు వచ్చింది, మైకు వచ్చింది, మైకు పట్టుకున్నవాడే ఎత్తుకుంటున్నాడు. అందుకే పుస్తకం వేద్దామంటే ఈ ఆడవాళ్లంతా ముందుకొచ్చారు. పాట కింద పేరుంటే కొట్లాట ఉండదని.

నవంబరులో కోత పండుగ ఆదివారానికి పుస్తకం చేతికి రావాలి. చర్చి కమిటీ సెక్రటరీ మా బడి నడిపే ప్రేమ్‌చంద్ మాస్టరే కాబట్టి నాకు సాయంత్రాలు కంప్యూటరు గది తాళం ఇచ్చాడు.

ఒత్తులు విడిపోయి పక్కన పడుతున్నాయి. ఏం చెయ్యాలి?

నీ,
స్తుతి


కరీంనగర్,
ఆగస్టు 11.

స్తుతీ,

ఒత్తులు విడిపోతున్నాయంటే ఫాంటును పిలిచేటప్పుడు లిపి తెలుగు అని చెప్పలేదన్నమాట. చెప్పకపోతే అది మన అక్షరాలను ఒకదాని పక్కన ఒకటి ఇటుకల్లా పేరుస్తుంది. నేను పంపే వరుస ఉన్నదున్నట్టు పెట్టు.

పాడి ప్రూఫులు దిద్దడం గురించి షాపులో చెప్పాను. సిద్దిరాములు సార్ కూడా చెయ్యి ఆపి విన్నాడు. ఇక్కడికి వచ్చే పీహెచ్‌డీలు తమ థీసిస్ తాము ఒక్కసారి కూడా చదవరు. అచ్చయ్యాక తప్పు కనబడితే నన్ను తిడతారు. నిన్న ఒకాయన థీసిస్ మూడో అధ్యాయంలో వేరేవాళ్ల ఊరి పేరు ఉంది. ఎవరి థీసిస్ నుంచి ఎత్తుకొచ్చాడో ఆ ఊరు మార్చడం మరిచాడు. చూపిస్తే నా మీద కళ్లెర్రజేశాడు. కష్టపడి కట్టినవాళ్లు పేరుకోసం అరుగు మీద కూర్చుని అడుక్కోవాలి, ఎత్తుకొచ్చినవాళ్లకు పేరు ముందు డాక్టరు. ఈ ఊళ్లో నాకు రోజూ ఒళ్లు మండటమే సరిపోతోంది.

సరే, పని. ఏదైనా చరణం ఉంచాలా తీయాలా అని అనుమానం వస్తే చెరిపేయకు. వరుస ముందు శాతం గుర్తు పెట్టు. శాతం గుర్తు తర్వాత ఉన్నదాన్ని లేటెక్ చూడనట్టే పోతుంది. ఫైలులో ఉంటుంది, అచ్చులో కనబడదు. మనసు మారితే గుర్తు తీసేస్తే మళ్లీ లేచి వస్తుంది. చెరిపేసింది మాత్రం రాదు. రోజూ రాత్రి ఫైళ్లన్నీ నీకు నువ్వే మెయిలు చేసుకో, బడి కంప్యూటర్లను నమ్మకు.

పాట పుట చివర విరిగి తర్వాతి పుటలోకి పోతోందని బాధపడుతున్నావు. ఇప్పుడే చూడకు. పాటలన్నీ చేరి, దిద్దుబాట్లన్నీ అయ్యాక చిట్టచివర చూసుకునే పని అది. ఇప్పుడు సర్దితే రేపు ఒక చరణం చేరగానే మళ్లీ మొదటికొస్తుంది.

సాయవ్వకు చెప్పు, ఆమె మూడో బిడ్డ క్షేమంగా చేరిందని. పేరు కొంచెం వాలు అక్షరాల్లో, కుడివైపు పెట్టాను. బాగుందా లేదా అడుగు.

నీ,
నవీన


ఎర్రగుంటపల్లె,
సెప్టెంబర్ 9.

నవీనా,

పెద్దగా రాయడానికేం లేదు. పాటలన్నీ చేరాయి.

మొన్న కమిటీ కూర్చుంది. ప్రేమ్‌చంద్ మాస్టరు ప్రూఫు తిప్పుతూ ఒకచోట ఆగి, "కీర్తనల పుస్తకంల శంకరవ్వ ఏందమ్మా? రేపు పండుగకు పట్నంకెల్లి పెద్దలొస్తరు. జూస్తె ఏమనుకుంటరు?" అన్నాడు. శంకరవ్వ సాయవ్వ జోడు, ఇద్దరూ కలిసే పత్తికి పోతారు. బాప్తిస్మం అప్పుడు కొత్త పేరు పెడతామంటే, పాత పేరుతో పిలిస్తే దేవునికి వినబడదా అని అడిగిందట. అప్పటి అయ్యగారు నవ్వి వదిలేశాడట. మా పెద్దవాళ్లలో సగం మంది అట్లాగే ఉన్నారు.

పేర్లు మార్చి వేద్దామని ఒకరన్నారు. వాళ్లు ఒప్పుకోరని నేనన్నాను. అప్పుడు మాస్టరు, అసలు పాటలు దేవునివి, కింద మనుషుల పేర్లెందుకు అన్నాడు. ఇప్పటి పాస్టరు ఆశీర్వాదం అయ్యగారు కిటికీలోంచి బయటకు చూస్తూ కూర్చున్నాడు. ఇంకా ఏమీ తేలలేదు. పుస్తకం మొదట్లో కమిటీవాళ్ల ఫొటోల పుట ఒకటి చేర్చమన్నారు. దానికి ఆదేశం ఏదో పంపు.

ఇంకొకటి, ఊరికే అడుగుతున్నాను. పేరు పడే వరుస అన్ని పాటల కిందా ఒక్కసారే కనబడకుండా చెయ్యాలంటే ఎట్లా? పుటలు ఎన్ని తగ్గుతాయో చూద్దామని.

స్తుతి


కరీంనగర్,
సెప్టెంబర్ 20.

స్తుతీ,

నీ ఉత్తరం చదివినప్పటి నుంచి నేను మనిషిని కాదు. పాటలు దేవునివట. మరి ఫొటోలు ఎవరివి? ప్రేమ్‌చంద్ మాస్టరు కోటు వేసుకుని దిగిన ఫొటో మొదటి పుటలో ఉంటే దేవునికి అభ్యంతరం లేదు, పాట చివర్లో వాలు అక్షరాల్లో శంకరవ్వ అని ఉంటే అభ్యంతరమా? పట్నం పెద్దలకు ఆమె పేరు చూస్తే మైల తగులుతుందా? మీరు దేన్నుంచి బయటపడాలని చర్చి మెట్లెక్కారో అదే లోపల కుర్చీ వేసుకుని కూర్చుంది. ఈ మాట నేను అనకూడదేమో, బయటిదాన్ని. అయినా అన్నాను.

నువ్వు ఏమన్నావు? పేర్లు మారిస్తే వాళ్లు ఒప్పుకోరని అన్నావు సరే. తీసేద్దామన్నప్పుడు ఏమన్నావు? ఉత్తరంలో అది లేదు.

ఫొటోల పుట ఆదేశం కింద రాశాను. ఫొటోలు పెద్ద సైజువి తెమ్మను. వాట్సాప్‌లో వచ్చినవి అచ్చులో మసిగుడ్డల్లా పడతాయి. పడితే పడనీ.

నీ రెండో ప్రశ్నకు జవాబు సులువు. అన్ని పాటలకూ అంచు ఒక్కచోటే అమర్చుకున్నాం కాబట్టి, అక్కడ పేరు పడే వరుస ముందు ఒక్క శాతం గుర్తు పెడితే చాలు. పుస్తకం మొత్తంలో ఒక్క పేరు మిగలదు. చేత్తో వేసుకుంటూ పోయి ఉంటే ఒక్కొక్క పేరూ చూసి, ఒక్కొక్కటే తీయాల్సి వచ్చేది. తీసేవాడికి ఎక్కడో ఒకచోట చెయ్యి ఆగేది. నేను నీకు అంత చక్కగా నేర్పాను మరి.

పుటలు ఎన్ని తగ్గాయో చూసి వెంటనే ఆ గుర్తు తీసేయ్.

నవీన


కరీంనగర్,
అక్టోబర్ 18.

స్తుతి గారికి,

గారు అన్నానని ఉలిక్కిపడకు. సంపాదకురాలివి కదా, మర్యాద ఇవ్వాలి.

నిన్న మా షాపుకు ప్రేమ్‌చంద్ మాస్టరు వచ్చాడు. ప్రెస్‌వాళ్లు పుటలు సిద్ధంగా కావాలన్నారని, కరీంనగర్‌లో ఈ పని ఇక్కడే బాగా చేస్తారని ఎవరో చెప్పారట. పెన్ డ్రైవ్ సిద్దిరాములు సార్ చేతిలో పెట్టాడు, సార్ నా చేతిలో పెట్టాడు. ఆ ఫైళ్లు చూడగానే గుర్తుపట్టాను. నేను పెంచిన పిల్లలు. నేనెవరో ఆయనకు తెలియదు, నేనూ చెప్పలేదు.

నడిపాను. ఒక్క పాట కింద కూడా పేరు లేదు. మొదట్లో చూస్తే శాతం గుర్తు ఉంది. సార్, ఇక్కడ పేర్లు పడాలేమో అన్నాను. ఆయన ఎంత ముచ్చటగా చెప్పాడో విను: "మా స్తుతి మేడమే తీసేసింది. హుషారు పిల్ల, ఒక్క మాటల అర్థం జేసుకున్నది. ఆమె పేరు జర పెద్దగ రానియ్యి." లోపలి పుటలో కమిటీ ఫొటోలు, వాటి కింద 'సంపాదకురాలు' అని నీ పేరు. వాలు అక్షరాల్లో కాదు, లావు అక్షరాల్లో.

నేను ఇన్నాళ్లూ కమిటీ మీద మండిపడుతున్నాను. నీకోసం మండిపడుతున్నాననుకున్నాను. నువ్వు 'ఊరికే అడుగుతున్నాను' అని రాసినప్పుడు నీ మనసులో అప్పటికే ఒప్పుకోలు ఉందా? పుటలు తగ్గుతాయో లేదో చూద్దామన్నావు. తగ్గాయిలే, చూశాను.

మాస్టరు అడిగినట్టే పుటలు తయారుచేసి ప్రూఫు ఇచ్చాను. పని పనే. కమిటీ దాని మీద సంతకం పెట్టి పంపితే ప్రెస్‌కు పోతుంది.

సాయవ్వ చూసిందా ఈ ప్రూఫు? ఏమంది? అది ఒక్కటి రాయి, ఇంకేం రాయకపోయినా సరే.

నవీన


ఎర్రగుంటపల్లె,
అక్టోబర్ 27.

నవీనా,

రాస్తాను. అన్నీ రాస్తాను, విను.

అవును, ఆ గుర్తు పెట్టింది నేనే. నీకు ఆ ప్రశ్న రాసిన రోజు, పేర్లు తీసేస్తానని నాకు అప్పటికే తెలుసు. కమిటీ అయ్యాక మాస్టరు నన్ను ఆపి, ఇంత కష్టపడ్డావు, సంపాదకురాలిగా నీ పేరు పెడుతున్నాం అన్నాడు. పేర్ల సంగతి రెండో ముద్రణలో చూద్దామన్నాడు. బడి ఆయనది, తాళం ఆయనది, అది నిజమే. కానీ బెదిరి ఒప్పుకున్నానని రాస్తే అబద్ధమవుతుంది. నా పేరు అచ్చులో ఎలా ఉంటుందో చూడాలనిపించింది. ఎమ్మెస్సీ చేసి ఈ పల్లెలో పిల్లలకు ఎక్కాలు చెప్పుకుంటూ ఉన్న నాకు, ఒక్క పుస్తకం మీద. ఎంతసేపు చూసుకున్నానో నీకు చెప్పను.

సాయవ్వ ఏమందని అడిగావు. ఇది నీకు చెప్పకుండా ఉంటే బాగుండునని రెండు కాగితాలు చింపాను.

కొత్త ప్రూఫు పట్టుకుని ఎప్పటిలాగే అరుగు మీద కూర్చున్నాం. నేను చదివాను, వాళ్లు పాడారు. మంచు పాట అయ్యాక సాయవ్వ, "కింద నా పేరు మంచిగ పడ్డదా?" అంది. పుట మీద ఏమీ లేదు. తెల్ల కాగితం. నేను దాని మీద వేలు పెట్టి, 'సాయవ్వ' అని చదివాను. తర్వాత శంకరవ్వ పాట. 'శంకరవ్వ' అని చదివాను. ప్రతి పాట కిందా లేని పేరు చదువుతూ పోయాను. వాళ్లు తలలూపారు. ఒకామె తన పేరు రెండోసారి చదివించుకుంది.

ఇప్పుడు తిట్టు. కానీ ఒకటి అడుగుతాను. లెక్చరర్ పేరు ముందుకు జరిపింది ఎవరు? అన్నం సహించలేదని రాశావు, పేరైతే జరిపావు. మా మాస్టరు నీ ఎదుట కూర్చుని అంత మాట అన్నప్పుడు నేను స్తుతి స్నేహితురాలిని, ఈ పేర్లెవరివో నాకు తెలుసు అని ఎందుకు అనలేదు? పుటలు తయారుచేసింది నువ్వే కదా? నాకు మాత్రం 'గారు' అని రాశావు. నీకు పని పని అయితే నాకు మాత్రం ఏమిటట? కోపం నీ సొత్తు అయినట్టు మాట్లాడకు. నువ్వు అందరి మీదా మండిపడతావు, ఆ తర్వాత అడిగిన పని చేసి పెడతావు.

స్తుతి


కరీంనగర్,
నవంబర్ 2.

స్తుతీ,

అవును. నేనే తయారుచేశాను ఆ పుటలు.

నీ ఉత్తరం చదివి రెండు రోజులు నీ మీద కోపంతో ఉన్నాను, మూడో రోజు కోపం పెట్టుకోవడానికి నాకే జాగా దొరకలేదు. సిద్దిరాములు సార్ దగ్గరికి పోయి, ఈ పుస్తకం నా చేతుల మీదుగా ప్రెస్‌కు పోదని చెప్పాను. ఆయన తిట్టలేదు. అయితే ఇంకొకరు పంపుతారులే అన్నాడు. అంతే, నా మొదటి ధిక్కారం ఎవరికీ అడ్డు రాలేదు. అయినా చెప్పాను. చెప్పాక ఆ పూట అన్నం తిన్నాను.

ఆ పేర్లను ఇక్కడినుంచి నేను నిలబెట్టలేను. వాటి మనుషులు అక్కడున్నారు. నువ్వు రాజీనామా చేయనక్కర్లేదు, కమిటీతో కొట్లాడనక్కర్లేదు. ఆ ప్రూఫు పట్టుకుని అరుగు మీదికి పో. ఉన్నది ఉన్నట్టు చదువు. లేనిచోట ఆగు. వాళ్లకు చదవడం రాదు గనుక వాళ్ల తరపున నువ్వు చదువుతున్నావు. వాళ్ల కళ్లు నీ దగ్గర అప్పుగా ఉన్నాయి. వాటితో అబద్ధం చూపించావు. దానికంటే శాతం గుర్తు చిన్న తప్పు.

నిన్ను తిడుతున్నానో నన్ను తిట్టుకుంటున్నానో నాకే తెలియడం లేదు. కోత పండుగలోపు చదువు.

నవీన


ఎర్రగుంటపల్లె,
నవంబర్ 25.

నవీనా,

చదివాను.

పండుగకు ముందు ఆదివారం అరుగు మీద కూర్చుని, ముందు మంచు పాట తీశాను. చివరి చరణం అయ్యాక ఆగాను. తర్వాత చదువు అంది సాయవ్వ. తర్వాత ఏమీ లేదన్నాను. అప్పుడు చదివినవ్ గదా అంది. లేనిదాన్ని చదివానని చెప్పాను. ఎవరు తీశారో చెప్పాను, ఎందుకు తీశానో చెప్పాను, లోపలి పుటలో నా పేరున్న సంగతి కూడా చెప్పాను. శంకరవ్వ కొంగు దులుపుకుని లేస్తూ, "మా పేర్లు నీకు బరువైనయా బిడ్డా? బస్త మోసినట్టు మోసినవా?" అంది. సాయవ్వ నా వైపు చూడకుండానే పోయింది. నన్ను చిన్నప్పుడు చంకనేసుకుని పాటలు నేర్పిన మనిషి.

ఆ మరుసటి ఆదివారం కోత పండుగ. పుస్తకాలు ఇంకా అచ్చు కాలేదు గనుక కమిటీ ఆ ప్రూఫునే జిరాక్సు తీయించి బెంచీలకు పంచింది. పట్నం పెద్దలు ముందు వరుసలో ఉన్నారు. బలిపీఠం దగ్గర జొన్న కంకులు, గుమ్మడికాయలు, పత్తి బుట్టలు, కాళ్లు కట్టిన కోళ్లు. అయ్యగారు మంచు పాట నంబరు చెప్పాడు. కీబోర్డు మోగింది. సాయవ్వ లేవలేదు. కీబోర్డు మళ్లీ మొదటికొచ్చింది. మైకు పట్టుకున్న పిల్లగాడు తానే ఎత్తుకున్నాడు. ఎవరూ అందుకోలేదు. ఆడవాళ్ల వైపు నుంచి ఒక్క గొంతు లేదు. వాడు ఒక్కడే ఒక వరుస పాడి, చుట్టూ చూసి ఆపేశాడు. కోడి ఒకటి కూసింది. పెద్దలు పుటలు తిప్పుతున్నారు.

ప్రేమ్‌చంద్ మాస్టరు నా వైపు చూసిన చూపు నీకు చూపించాల్సింది. అయ్యగారు ఇంకో నంబరు చెప్పాడు. అది శంకరవ్వది. అదీ అంతే.

అప్పుడు ఆశీర్వాదం అయ్యగారు మైకు పట్టుకునే కిందికి దిగి, సాయవ్వ బెంచీ దగ్గరికి వచ్చాడు. నేను వెనుక వరుసలో ఉన్నాను, ప్రతి మాటా వినబడింది.

"ఎత్తుకో తల్లీ" అన్నాడు.

"ఎవరి పాటయ్యా?"

"సంఘం పాట."

"అయితె సంఘంను ఎత్తుకొమ్మను."

ఆయన జిరాక్సు వైపు చూశాడు, అక్కడ ఏమీ లేదు కదా. కమిటీలో కిటికీలోంచి చూసిన మనిషికి ఇప్పుడు చూడటానికి కిటికీ లేదు. "నీ పాటనే, సాయవ్వా" అన్నాడు. చేతిలో మైకు ఉన్న సంగతి మరిచాడో, కావాలనే అన్నాడో. చర్చి అంతా వినబడింది. ఆమె లేచింది. ఎత్తుకుంది. నేను నోరు తెరవలేకపోయాను. నా చుట్టూ అందరూ అందుకున్నారు. తర్వాత ఆయన మళ్లీ ఆ రెండో నంబరు చెప్పి, శంకరవ్వ పాట అని తానే అన్నాడు.

ఆరాధన అయ్యాక మాస్టరు ఆడవాళ్లను బయట ఆపాడు. మైకులో పేరు చెప్పించుకున్నారు కదా, ఇక అచ్చులో ఎందుకు, పుటలు పెరుగుతాయి, పని ఆగిపోతుంది అని మెల్లగా నచ్చజెప్పబోయాడు. నేను ముందుకు పోయి, గుర్తు పెట్టింది నేనే, తీసేసేది కూడా నేనే అన్నాను. ఇంకా చాలా అనాలనుకుని వెళ్లాను. అవసరం రాలేదు.

నేను శాతం గుర్తు తీసేశాను. లోపలి పుటలో నా పేరున్న వరుసను మాత్రం చెరిపేశాను. దాని ముందు గుర్తు పెట్టి దాచుకోలేదు. కొత్త ప్రూఫు ఈ పార్సిల్లోనే ఉంది, పండుగ తర్వాతి ఆదివారం అరుగు మీద చదివాక కమిటీ సంతకం చేసింది. మాస్టరు కూడా చేశాడు. సోమవారం నాకు పదో తరగతి తీసేసి ఎల్‌కేజీ ఇచ్చాడు. చెప్పులు మార్చి వేసుకున్న పిల్లలకు చెప్పులు సరిచేస్తున్నాను. సాయవ్వ ఇంకా నాతో మాట్లాడలేదు. చదువుతుంటే మాత్రం పాడింది. అక్కడక్కడ నేను చదివిందే ఆమె మళ్లీ పక్కనున్న పదో తరగతి పిల్లతో చదివించుకుని చూసింది. చూసుకోనీ.

వీలైతే ప్రెస్‌కు నువ్వే పంపు. సిద్దిరాములు సార్‌ను అడుగు.

ఆ రోజు మాస్టరు నచ్చజెప్పబోతే శంకరవ్వ ఆయనతో అన్న మాట ఒకటుంది. ఆయన అది విని సైకిలు తీశాడు. నేను ఆ సాయంత్రం బడి కంప్యూటరు గదిలో శాతం గుర్తు తీసేటప్పుడు అదే చెవిలో ఉంది.

"మైకుల అన్న పేరు గీ ఆదివారం దాంక ఉంటది సారూ. నేను సచ్చినంక నా మనుమరాలు ఏం జూసి లెవ్వాలె?"

నీ,
స్తుతి